‘వెయ్యిసార్లు చెప్పాను’ అంటే గొడవ రాదు, ‘పదిసార్లు’ అంటేనే వస్తుంది

మీరు అడిగింది ఇదీ. మీ కథలో "వాడి కేక ఊరవతల చెరువు దాకా వినిపించింది" అని రాశారు. చదివిన స్నేహితుడు "ఇది అతిశయోక్తి, తీసెయ్" అన్నాడు. స్కూల్లో అతిశయోక్తిని అలంకారమని నేర్పారు కదా, కథలోకి వచ్చేసరికి అది తప్పెలా అయింది, అసలు అతిశయోక్తికీ అబద్ధానికీ గీత ఎక్కడ అన్నది మీ సందేహం.

నేను 27 ఏళ్లు ఒక దినపత్రిక డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. మండలాల నుంచి వచ్చే వార్తల్లో అతిశయోక్తులు కొట్టేయడం నా ఉద్యోగంలో సగం. ఇంటికొచ్చాక అవే మాటలు నోరారా వాడేవాణ్ణి. అందుకని రెండు వైపులా చూసినవాడిగా చెబుతున్నాను.

మీ స్నేహితుడికి ఏదో తేడా కొట్టింది. కొట్టడం సరైనదే, చెప్పిన కారణమే తప్పు. మీ వాక్యంలో అతిశయోక్తి ఎక్కువ కాలేదు, చాలలేదు. ఊరవతల చెరువు ఎంత దూరం ఉంటుంది? మా ఊళ్లో అయితే అర కిలోమీటరు ఉంటుందేమో. రాత్రిపూట గాలి అటు వీస్తుంటే, గట్టి గొంతున్నవాడు అరిస్తే అంత దూరం వినిపిస్తుంది. పొలాల్లో మనుషులు అలాగే పిలుచుకునేవాళ్లు. ‘కూతవేటు’ అనే మాట దూరానికి కొలతగా పుట్టింది అందుకే. కాబట్టి మీ వాక్యాన్ని నిజంగా జరిగినదిగా తీసుకోవాలా, వర్ణనగా తీసుకోవాలా తెలియక చదివేవాడు ఒక్క క్షణం ఆగుతాడు. మీ స్నేహితుడు ఆగింది అక్కడే.

ఇంట్లో రోజూ జరిగేదే చూడండి. "గ్యాస్ బుక్ చెయ్యమని వెయ్యిసార్లు చెప్పాను" అంటుంది మా ఆవిడ. నేను తల దించుకుని ఫోన్ తీస్తాను. ఎన్నిసార్లు చెప్పిందో లెక్కపెట్టాలన్న ఆలోచనే రాదు. అదే ఒకరోజు "పదిసార్లు చెప్పాను" అంది. వెంటనే నా నోట్లోంచి "పదిసార్లెక్కడ? సోమవారం ఒకసారి, నిన్న పొద్దున ఒకసారి, మొత్తం రెండే" అని వచ్చేసింది. తర్వాత గ్యాస్ సంగతి పక్కకి పోయింది. సాయంత్రం దాకా లెక్కల మీదే గొడవ. వెయ్యి అన్నప్పుడు రాని గొడవ పది అన్నప్పుడు వచ్చింది. ఎందుకంటే పదిసార్లు చెప్పడం జరగగల పని. విన్నవాడు దాన్ని నమ్మే ప్రమాదం ఉంది, నమ్మకపోతే ఖండించే అవకాశమూ ఉంది. వెయ్యిసార్లు చెప్పడం జరిగే పని కాదు, ఆ సంగతి చెప్పేవాళ్లకీ వినేవాళ్లకీ ఇద్దరికీ తెలుసు. అందుకే అక్కడ అంకె పక్కకి తప్పుకుని విసుగు ఒక్కటే మిగులుతుంది. డెస్కులో నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క విషయమే. నిజాన్ని కొంచెం సాగదీస్తే అబద్ధం. అందరికీ కనబడేంత దూరం లాక్కెళ్తే అతిశయోక్తి.

తెలుగులో ఇందుకోసం కొన్ని అంకెలు విడిగా పెట్టుకున్నాం. నూరు, వెయ్యి, లక్ష, కోటి. వేయి కళ్లతో ఎదురుచూస్తాం, కోటి దండాలు పెడతాం, "నువ్వు లక్ష చెప్పు, నేను నమ్మను" అంటాం. వీటన్నిట్లో నాకు సరదా అయినది ‘సవాలక్ష’. సవా అంటే ఒకటింపావు. సవాలక్ష అంటే 1,25,000. "నాకు సవాలక్ష పనులున్నాయి" అనేవాడు లక్ష చాలక పైన పాతికవేలు కొసరు వేసుకున్నాడన్నమాట, కూరల బండి దగ్గర కరివేపాకు వేయించుకున్నట్టు. ఈ అంకెలు విని ఎవరూ వేళ్లు మడవరు. అదే "37 సార్లు ఫోన్ చేశాను" అనండి, వెంటనే కాల్ లిస్టు తీసి చూస్తారు.

ఇంకో తమాషా. అతిశయోక్తికి ముందు ‘దాదాపు’ తగిలిస్తే ప్రాణం పోతుంది. "దాదాపు వెయ్యిసార్లు చెప్పుంటాను" అని ఒకసారి పైకి అని చూడండి. మనిషి నిజంగానే లెక్క రాసుకున్నాడేమో అనిపిస్తుంది. స్కూల్లో ఉత్ప్రేక్షకీ అతిశయోక్తికీ తేడా చెప్పమని అడిగేవారు గుర్తుందా? "ఆ ఏనుగు నడిచే కొండా అన్నట్టుంది" అంటే ఉత్ప్రేక్ష. అక్కడ ‘అన్నట్టు’ అనే జామీను ఉంది. అతిశయోక్తికి జామీనుదారు ఉండడు, సూటిగా అనేయడమే. విచిత్రం ఏమిటంటే ‘దాదాపు’ను ఒప్పుకోని అతిశయోక్తి ‘నిజంగా’ను మాత్రం హాయిగా ఒప్పుకుంటుంది. "నిజంగా నవ్వలేక చచ్చాననుకో" అంటాం, ఎదురుగా బతికి కూర్చుని.

అంకెల కన్నా నాకు ఇష్టమైనవి కొలతలు. గంపెడాశ, బండెడు చాకిరీ, పుట్టెడు దుఃఖం, జానెడు పొట్ట, చేటంత మొహం, చాంతాడంత లిస్టు, ఆవగింజంత జాలి. బారెడు పొద్దెక్కినా లేవని కొడుకు. ఇవన్నీ కల్లంలో, వంటింట్లో, నూతి దగ్గర చేతికి తగిలిన వస్తువులు. పుట్టి అంటే 20 తూములు, తూముకి నాలుగు కుంచాలు. అంటే పుట్టెడు దుఃఖం 80 కుంచాల దుఃఖం. ధాన్యం కొలవడం చూసి పెరిగినవాడికి ఆ మాట వినగానే కల్లంలో పోసిన రాశి కళ్ల ముందుకొచ్చేది. ఒక్కడు ఎత్తలేడు, ఒక్కరోజులో ఇంటికి చేరదు. దుఃఖం గురించి అంతకన్నా ఏం చెప్పాలి? ‘విపరీతమైన దుఃఖం’ అనే మాటని దీని పక్కన పెట్టి చూడండి. పెద్ద మాటే, కానీ అందులో చూడ్డానికి ఏమీ లేదు.

(ఆశకి గంప ఉంది, చాకిరీకి బండి ఉంది, దుఃఖానికి పుట్టి ఉంది. సంతోషానికి ఇలాంటి కొలత ఏదీ అంటే నాకు చప్పున తట్టడం లేదు. చేటంత మొహం ఉంది కానీ అది మొహానికి కొలత. ఎవరికైనా తడితే చెప్పండి.)

ఇప్పుడు కుంచాలు లేవు, చేదబావులు లేవు. అపార్ట్‌మెంట్‌లో పెరిగిన పిల్లకి చాంతాడు అంటే బావిలో నీళ్లు చేదుకునే తాడని తెలియకపోవచ్చు. అయినా "చాంతాడంత క్యూ ఉంది" అంటుంది. వస్తువు పోయి మాట మిగిలింది. మాట్లాడేటప్పుడు దానివల్ల నష్టం లేదు. కథ రాసేటప్పుడు మాత్రం కాస్త చూసుకోవాలి. మీ పాత్ర ఏ వయసుది, ఏ ఊరిది? పాతికేళ్ల సాఫ్ట్‌వేర్ కుర్రాడి నోట పుట్టెడు దుఃఖం వినిపిస్తే అది వాళ్ల నాయనమ్మ మాటలా ఉంటుంది. ఒకోసారి అదే కావాలి కూడా అనుకోండి.

మన వ్యాకరణంలోనే ఈ గుణం ఉంది. నడుమ చాలక నట్టనడుమ, పగలు చాలక పట్టపగలు, బయలు చాలక బట్టబయలు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఆమ్రేడితం కింద, అంటే ఒకే మాట రెండోసారి వచ్చే చోట, దీనికి సూత్రమే రాశాడు. మొదటికన్నా ముందు ఇంకేముంటుంది? అయినా మొట్టమొదట అంటాం.

ఇక అలంకారశాస్త్రం. మీరు స్కూలు ప్రస్తావన తెచ్చారు కాబట్టి కొంచెం చెప్పాలి. ప్రాచీన సంస్కృత ఆలంకారికుల్లో భామహుడు అతిశయోక్తిని లోకంలో ఉండే హద్దు దాటిన మాట అన్నాడు, ఆ చర్చలోనే అది లేని అలంకారం ఏదీ అని అడిగాడు. వాళ్లలోనే ఇంకొకడు దండి, కావ్యాదర్శంలో దాన్ని అలంకారాల్లో ఉత్తమమైనది అన్నాడు. మీ స్నేహితుడికి ఇంతవరకే చెబితే మీరు గెలిచినట్టే. కానీ అదే దండి, అదే పుస్తకం మొదటి అధ్యాయంలో ఇంకో మాట అన్నాడు. ఒక అమ్మాయితో కవి అంటాడు: బ్రహ్మ ముందూ వెనకా చూసుకోకుండా ఆకాశాన్ని చిన్నదిగా చేసేశాడు, నీ వక్షోజాలు ఇంతగా పెరుగుతాయని ఆయన ఊహించలేదు. దండి ఈ శ్లోకం చూపించి దీన్ని అత్యుక్తి అంటారు, గౌడ కవులకి, అంటే తూర్పున బెంగాల్ వైపు వాళ్లకి, ఇది ముద్దు అని సన్నగా చురక వేశాడు. అంటే అతిశయోక్తిని నెత్తిన పెట్టుకున్నవాడికి కూడా ఒక హద్దు తెలుసు.

ఆ హద్దు ఎక్కడ? చాలామంది ‘మరీ పెద్దదైతే అత్యుక్తి’ అనుకుంటారు. నేను ఒప్పుకోను. పరిమాణం సమస్య కాదు. ఆకాశం ఇరుకైపోయింది అంటే కంటికి ఏం కనిపిస్తుంది? ఏమీ కనిపించదు. దానికి పూర్తిగా వేరే రకం చూడండి. అప్పయ్య దీక్షితులు 16వ శతాబ్దంలో రాసిన కువలయానందం అనే అలంకారగ్రంథంలో చపలాతిశయోక్తికి, అంటే కారణం మాటల్లోకి రాగానే ఫలితం జరిగిపోయే రకానికి, ఉదాహరణ ఇది. ప్రియుడు "వెళ్తాను" అన్నాడు. అన్నాడంతే, గడప దాటలేదు. ఆ మాటకే ఆమె వేలి ఉంగరం చేతికి గాజైపోయింది. అసాధ్యమే. అయినా ఉంగరం కనిపిస్తుంది, వేలు దాటి మణికట్టు మీదకి జారడం కనిపిస్తుంది, ఆమె చిక్కిపోయిందని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. అసాధ్యం ఎంత పెద్దదైనా ఫరవాలేదు, అందులో వేలితో చూపించగల వస్తువు ఒకటి ఉండాలి.

పాఠ్యపుస్తకాల్లో అతిశయోక్తికి చెప్పే ఉదాహరణ మనందరికీ కంఠతా వచ్చు: ఆ నగరంలో మేడలు ఆకాశాన్ని తాకుతున్నాయి. చిన్నప్పటి నుంచీ విని విని అందులో మేడా కనిపించదు, ఆకాశమూ కనిపించదు. పెద్దన కూడా మనుచరిత్ర మొదట్లో ప్రవరుడి ఊరు అరుణాస్పదపురం గురించి ఇలాంటి మాటే అన్నాడు. కోట ఆకాశాన్ని ముద్దాడుతోంది అన్నాడు. కానీ అక్కడితో ఆగలేదు. మేడలకి వేసిన సున్నం కాంతి పడి చంద్రుడిలో ఉన్న జింక కూడా తెల్లబడిందన్నాడు. చంద్రుడి మచ్చని మనవాళ్లు జింక అన్నారు కదా, ఆ మచ్చకి ఊళ్లోని సున్నం అంటింది. ఎత్తు చెప్పడానికి ఎత్తు గురించి కాక వెల్లవేయడం గురించి మాట్లాడటం చూడండి.

ఇందులో నాకు తెలిసినంతలో అందరినీ మించినవాడు పోతన. వామనుడు పెరగడం మీకు తెలిసిన పద్యమే, ఇంతింతై వటుడింతయై. దాని తర్వాతి పద్యం దాని నీడలో పడిపోయింది, నాకు అదే ఎక్కువ ఇష్టం. అందులో వామనుడి ఎత్తు గురించి ఒక్క ముక్క ఉండదు. సూర్యబింబం ఒక్కటే ఉంటుంది. మొదట సూర్యుడు వామనుడికి గొడుగులా ఉన్నాడు. తర్వాత తలమీది మణి అయ్యాడు. తర్వాత చెవిపోగు, మెడలో నగ, భుజానికి కేయూరం, చేతికి కంకణం, నడుముకి గంట, కాలికి అందె. చివరికి పాదపీఠం. సూర్యుడు కదల్లేదు, ఉన్నచోటే ఉన్నాడు. పెరిగేవాడి పక్కన ఒక గుర్తు పెట్టి వదిలేశాడు పోతన, గోడ మీద పెన్సిల్ గీతపెట్టి పిల్లవాడి ఎత్తు కొలిచినట్టు. చదువుతుంటే మెడ పైకెత్తి చూడాల్సి వస్తుంది. భక్తుడి దృష్టిలో ఇది అతిశయోక్తే కాదు, జరిగింది జరిగినట్టు చెప్పడం. అది వేరే చర్చ. ఇంతింతై అనే మాటని మేము మాత్రం పేపర్లో ఆవకాయ వ్యాపారం నుంచి చిట్ ఫండ్ కంపెనీ దాకా అందరికీ హెడ్డింగ్‌గా అంటించి అరగదీశాం. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

అసాధ్యమైన మాట చెప్పి దాన్ని అర్థవంతం చేయడం మన అవధానాల్లో సమస్యాపూరణం పేరుతో ఒక ఆటే అయింది. ‘కుంజరయూథంబు దోమకుత్తుక జొచ్చెన్’ అని సమస్య. ఏనుగుల మంద దోమ గొంతులో దూరిందట. తెనాలి రామకృష్ణుడిదిగా చెప్పుకునే పూరణలో పాండవులు విరాటుడి కొలువులో చేరడాన్ని తలచుకుని, సంజయా ఏమని చెప్పేది, ఏనుగుల మంద దోమ గొంతులో దూరింది అనిపిస్తాడు. అప్పటిదాకా వెర్రిమాటగా ఉన్నది ఒక్కసారిగా కడుపులో దేవినట్టు అవుతుంది. ఏనుగులు మారలేదు, దోమ మారలేదు. ఎవరు ఎవరి గురించి ఏ స్థితిలో అంటున్నారో తెలిసింది, అంతే.

సరే, పండితుల్ని వదిలి నా డెస్కుకి వద్దాం. అతిశయోక్తికి వచ్చే అసలు జబ్బు అబద్ధం కాదు, అరుగుదల. పేపర్లో నాయకుడెవరైనా కాస్త గొంతు పెంచితే ‘నిప్పులు చెరిగారు’ అని రాస్తాం. చెరగడం అంటే ఏమిటి? చేటలో బియ్యం పోసి ఎగరేసి తవుడు వేరుచేయడం. అంటే చేటలో బియ్యం బదులు నిప్పులు పోసి, ఎదుటివాడి మొహం మీదకి ఎగరేస్తున్నాడు! ఎంత భయంకరమైన బొమ్మ అది. రోజుకి ఐదారుగురి చేత నిప్పులు చెరిగించి దాన్ని ‘విమర్శించారు’ స్థాయికి దించేశాం. ఒకసారి ఒకే పేజీలో ముగ్గురు నిప్పులు చెరిగితే, ఇద్దరి చేటలు నేను లాక్కోవలసి వచ్చింది.

‘ఇసుకేస్తే రాలనంత జనం’ కూడా అంతే. పైనుంచి గుప్పెడు ఇసుక చల్లితే ఒక్క రేణువు నేల మీద పడదట, అన్నీ తలల మీదా భుజాల మీదా ఆగిపోతాయి. ఎవరో ఏ తిరునాళ్లలోనో ఒక గట్టు మీద నిలబడి మొదటిసారి ఈ మాట అని ఉంటారు, ఆ మనిషికి నా నమస్కారం. ‘అంగరంగ వైభవంగా’, ‘కన్నులపండువగా’ లాంటివి మాత్రం ఏ ఊరి రిపోర్టులో కనబడినా కొట్టేసేవాణ్ణి.

మాట అరిగేకొద్దీ జనం కొత్తది వెతుక్కుంటారు. బ్రహ్మాండం అంటే ఈ విశ్వమంతా ఇమిడి ఉన్న గుడ్డు. ఇప్పుడు "పులిహోర బ్రహ్మాండంగా ఉంది వదినా" అంటున్నాం. అదీ చప్పబడ్డాక యముణ్ణి పిలిచాం, "యమా టేస్టుగా ఉంది" అని. ఇప్పటి కుర్రాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. బాగా ఆడితే చింపేశాడు, బాగా పాడితే ఇరగదీశాడు, బాగా నచ్చితే ‘దారుణంగా నచ్చింది’. మెచ్చుకోలంతా విధ్వంసమే. పెద్దవాళ్లు దీన్ని చూసి భాష పాడైపోతోందని గోల పెడతారు కానీ, పొట్ట చెక్కలయ్యేలా నవ్విన తరం వీళ్లని అనడానికి లేదు. హైదరాబాద్ వైపు ‘మస్తు’ అనే రెండక్షరాలు మాత్రం ఇన్నేళ్లుగా అలాగే నిలబడ్డాయి. పొట్టి మాట త్వరగా అరగదేమో.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. మీ ప్రశ్న చూడగానే గుర్తొచ్చింది అదే. ఒక వేసవిలో ఒక చిన్న పట్టణంలో కుళాయిలు ఆగిపోయాయి. విలేకరి పంపిన కాపీలో ‘19 రోజులుగా నీళ్లు లేవు’ అని ఉంది. నాకు 19 అనే అంకె చూస్తే ఊపు రాలేదు. ‘నెల రోజులుగా’ అని మార్చాను. హెడ్డింగ్‌కి బాగుంటుందని. మర్నాడు అక్కడి అధికారుల నుంచి వివరణ వచ్చింది. నెల రోజులు అన్నది పూర్తిగా అవాస్తవం, పత్రిక నిరాధారమైన వార్త రాసింది అని. వాళ్లు చెప్పింది నిజం. నీళ్లు లేకపోవడం గురించి ఒక్క మాట కూడా అనాల్సిన అవసరం వాళ్లకి లేకుండా పోయింది, నేనే వాళ్లకి తలుపు తీసి పెట్టాను. విలేకరి నాకు ఫోన్ చేసి తిట్టలేదు. "సార్, 19 రోజులు తక్కువా?" అని మాత్రం అడిగాడు. ఇన్నేళ్లయినా ఆ గొంతు చెవిలో ఉంది.

ఆ వార్తలోనే అడుగున ఇంకో వాక్యం ఉంది. ఒక ఇంట్లో పెళ్లికి మగపెళ్లివారు విడిదికి వస్తూ తమ నీళ్లు తామే ఆటోలో డబ్బాలకెత్తి తెచ్చుకున్నారని. స్థలం చాలదని దాన్ని నేను కొట్టేశాను! అదే పైకి తెచ్చి ఉంటే నెల రోజులూ అక్కర్లేదు, 19 రోజులూ అక్కర్లేదు. అంతకన్నా, ఆ ఊరి ఆడవాళ్లన్న మాటని అలాగే వేసినా సరిపోయేది. ఒకామె "కుళాయి తిప్పితే బల్లి బయటికొస్తోంది" అందట. అది నిజమా అతిశయోక్తా అని ఏ అధికారీ వివరణ ఇవ్వలేడు. పల్నాడులో దాహానికి తట్టుకోలేక శ్రీనాథుడు చెప్పాడనే చాటువు గుర్తొస్తుంది: తిరిపెమెత్తుకునే నీకు ఇద్దరు పెళ్లాలెందుకు పరమేశా, గంగని వదిలెయ్, పార్వతి చాలు. నీళ్లు లేవని అందులో ఎక్కడా లేదు.

ఇదే సూత్రం ప్రకటనల విషయంలో ఏకంగా నియమంగా ఉంది. 1985లో ఏర్పడిన అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళి ప్రకారం, నవ్వించడానికో కన్ను ఆకట్టుకోవడానికో చేసే స్పష్టమైన అతిశయోక్తి ఫరవాలేదు, జనం దాన్ని నిజమైన హామీగా తీసుకునే అవకాశం ఉండకూడదు. అంటే బిస్కెట్ తిన్న పిల్లవాడు ఏనుగుని ఎత్తితే ఇబ్బంది లేదు. అదే పిల్లవాడు మూడు నెలల్లో రెండంగుళాలు ఎత్తు పెరిగాడంటే దానికి రుజువు చూపించాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. మా ఆవిడ వెయ్యికీ పదికీ మధ్య ఉన్న తేడానే ఇదీను.

ఒకటి మర్చిపోకూడదు. అతిశయోక్తికి సగం అర్థం గొంతులో ఉంటుంది. "ఎండలోకి వెళ్లావంటే కాళ్లు విరగ్గొడతా" అని అమ్మ అంటే పిల్లవాడు నవ్వుతూ ఎండలోకే వెళ్తాడు. అదే వాక్యాన్ని అప్పు ఇచ్చినవాడికి వాట్సాప్‌లో పంపి చూడండి, స్టేషన్‌లో చూపించడానికి కాగితం మీరే రాసిచ్చినట్టు. కాగితం మీద గొంతు ఉండదు కాబట్టి, కథలో అతిశయోక్తి ఎవరి నోట్లోంచి వస్తోందన్నది ముందే తేల్చుకోవాలి. పాత్ర నోట వస్తే దాదాపు ఏదైనా చెల్లుతుంది, ఆ పాత్ర ఎలాంటిదో కూడా అదే చెబుతుంది. ‘ఉత్తరకుమార ప్రగల్భాలు’ మనకి సామెత అయింది ఊరికే కాదు. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కౌరవుల్ని ఊచకోత కోస్తానన్నవాడు తీరా సైన్యాన్ని చూసి రథం దూకి పారిపోవడానికి ఆ కోతలే ముందస్తు ఏర్పాటు. కథ చెప్పేవాడి గొంతులో అతిశయోక్తి వస్తే మాత్రం, ఆ గొంతు మొదటి పేజీ నుంచీ అలాగే మాట్లాడి ఉండాలి. పదకొండు పేజీలు పొడిపొడిగా చెప్పి పన్నెండో పేజీలో హఠాత్తుగా చెరువు దాకా కేక వినిపిస్తే, చదివేవాడు దాన్ని సమాచారంగానే తీసుకుంటాడు. మీరు పంపిన ముక్కని బట్టి మీ కథనం పొడిగానే ఉంది.

కాబట్టి మీ వాక్యానికి రెండు దారులు. పొడిగానే ఉంచాలనుకుంటే చెరువుని చూపించండి, దూరాన్ని వదిలేయండి. "వాడి కేకకి చెరువు అవతలి గట్టు మీద గేదెలు మేత ఆపి తలలెత్తాయి." ఇది జరిగే పనే, అతిశయోక్తి కూడా కాదు, కానీ కేక ఎంత పెద్దదో తెలుస్తుంది. లేదూ అతిశయోక్తే కావాలంటే సగంలో ఆగకండి. మీ కథలో వాడి ఇంట్లో ఒక ముత్తాత ఉన్నాడు కదా, అరుగు మీద కూర్చుని ఉంటాడని రాశారు. "వాడి కేకకి పుట్టుచెవుడు ముత్తాత కూడా ‘ఏమిట్రా గోల’ అన్నాడు" అని పెట్టి చూడండి. నాకైతే ఇదే నచ్చుతుంది, ఊరంతా తిరగక్కర్లేకుండా అరుగు మీదే పని అయిపోతుంది.

కాకపోతే ఆయనకి చెవుడని రెండు మూడు పేజీల ముందే ఎక్కడో ఒకచోట మామూలుగా చెప్పి వదిలేయండి, మజ్జిగ కావాలా అంటే వక్కలు తెచ్చావా అన్నాడనో ఏదో. కేక దగ్గరికొచ్చాక చెబితే ఇమడదు. అలాగే రెండో పేజీలో ‘అమితమైన ఆగ్రహం’ అని ఉంది, దాన్ని మాత్రం మీ స్నేహితుడు చెప్పినట్టు తీసేయండి.